దారి లేని పరుగు

పరుగుపందెములలో అనేకము దారిని ముందే తీర్చి యిచ్చునవి. మైదానములోని 400 మీటర్ల వలయమైనను, నగరవీథులగుండ సాగు 42.195 కిలోమీటర్ల మారథానైనను, చెట్లకొమ్మలకు రంగుపట్టీలు కట్టి కొండబాటలవెంట నడిపించు దూరపు పరుగైనను, పాల్గొనువాడు ఆలోచింపవలసినది తన ఊపిరిని గురించియు, తన కాళ్లను గురించియు, తనకు ముందు పోవువాని వీపును గురించియు మాత్రమే; ఎటు పోవలెనను ప్రశ్నకు సమాధానమును ఇతరులు అతనికి మారుగా ముందే చెప్పి యుందురు. ఓరియెంటీరింగ్ అను పందెమునందు అట్టి యేర్పాటు లేదు. అందు దిక్సూచితో వచ్చినవానికి ఒక పటమును చేతికిచ్చి, అడవిలో అక్కడక్కడ నిలిపిన గురుతులను వరుసతప్పక దర్శించి రమ్మందురు. గమ్యములను మాత్రమే వారు నిర్ణయింతురు. ఒక గమ్యమునుండి మరియొక గమ్యమునకు గల దారిని ఎవరికి వారే, పరుగెత్తుచునే, కనుగొనవలెను.

ఉద్యోగము నిమిత్తమై తెలుగునేల విడిచి స్వీడన్ రాజధానియగు స్టాక్‌హోమ్ నగరమున కాపురమేర్పరచుకొన్న తరువాత నాకీ క్రీడతో పరిచయమైనది. పగలు కార్యాలయపు పని, సాయంకాలము సంసారము, ఆ రెంటి నడుమ దొరకిన గంటలో పరుగు: ఇది నా జీవితక్రమము. పతకముల నాశించి పరుగెత్తువారి సాధనకును నా సాధనకును పోలికలేదు. ఐనను ఈ క్రీడ నాలో ఒక విశ్వాసమును దృఢపరచినది. దానిని చెప్పుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము. దేహమును సాధన చేయించుట వేగము కొరకని లోకము తలంచును. నా యనుభవమున వేగము ఆ సాధనకు కడపటి ఫలము. మొదటి ఫలము మనస్సునకు చేకూరు తీరిక. కాళ్లకు బలము కలిగినకొలది మనస్సునకు వానిని మోయు భారము తగ్గును. భారము తగ్గిన మనస్సే తానెక్కడ నున్నదియు చూచుకొనగలదు. తానున్న చోటు నెరిగినవానికే వేగము ఉపకరించును, ఎరుగనివానిని అదే వేగము గమ్యమునకు మరింత దూరముగా కొనిపోవును.

ఈ క్రీడకు పుట్టినిల్లు స్కాండినేవియా సైనికశిక్షణ. పటమును, దిక్సూచిని ఆధారముగా గొని అపరిచితమైన భూమిని దాటుట పందొమ్మిదవ శతాబ్ది చివర అక్కడి సైనికులకు నేర్పిన విద్య. 1897 అక్టోబరు 31వ తేదీన నార్వేలో, నేటి ఓస్లో నగరపు పరిసరారణ్యమున, పౌరులకై తొలి బహిరంగ పందెము జరిగెను. పాల్గొన్నవారు ఎనమండుగురు, దర్శింపవలసిన గురుతులు మూడు. దీనిని జనసామాన్యపు క్రీడగా మలచిన ఖ్యాతి స్వీడన్ దేశీయుడగు మేజర్ ఎర్న్‌స్ట్ కిలాండర్‌ది. అతడు సైనికుడు, బాలభటుల నాయకుడు. మైదానపు పరుగులయందు యువకుల యాసక్తి సన్నగిల్లుట గమనించి, తన దేశమునకు సహజసంపదయైన అడవినే క్రీడారంగముగా జేయనెంచి, 1919 మార్చి 25వ తేదీన స్టాక్‌హోమ్ దాపుననున్న నాకా అరణ్యమున అతడేర్పరచిన పందెమునకు 220 మంది వచ్చిరి. 1961లో పది దేశములవారు కోపెన్‌హాగెన్ నగరమున సమావేశమై అంతర్జాతీయ సమాఖ్యను స్థాపించిరి. 1966లో ఫిన్లాండ్ దేశపు ఫిస్కార్స్ గ్రామమున తొలి ప్రపంచ పోటీలు జరిగినవి. యుద్ధము కొరకు పుట్టిన విద్య ఇట్లు వినోదముగా మారుట, సైన్యములనుండి లోకమునకు దక్కిన స్వల్పమైన మేళ్లలో ఒకటియని నా నమ్మకము.

ఆ నాకా అరణ్యమే నా సాధనాస్థలము. హెల్లాస్‌గోర్డెన్ అను విహారస్థానము ప్రక్కన ఒక సరస్సు. దానికావల బండలు, బురదనేలలు, మరల బండలు. అక్కడి రాయి సుమారు 190 కోట్ల సంవత్సరముల నాటిది. హిమయుగమున మహత్తరమైన మంచుపొర దానిమీద ప్రాకి, దాని మూపులను నునుపుచేసి, పదివేల యేండ్లకు పైచిలుకు కాలము క్రిందట కరగి తొలగెను. పిమ్మట సముద్రగర్భమున మునిగియున్న ఆ నేల, మంచుభారము తీరుటచే మెల్లమెల్లగా పైకి లేచి, నేటికిని ఏటేట కొన్ని మిల్లీమీటర్లు లేచుచునే యున్నది. అట్లు లేచునపుడు అలలు ఎత్తుబండలమీది మన్నును కడిగి పల్లములకు దింపుటచే, శిఖరములమీద పలుచని పైన్ వృక్షములును, పల్లములయందు చిక్కని స్ప్రూస్ వృక్షములును, వాని నడుమ నీరు వెడలజాలని గుంటలయందు మెత్తని బురదనేలలును ఏర్పడినవి. ఈ భూచరిత్ర తెలిసినవానికి పటము సగము తెలిసినట్లే. పైకి పోయినచో వెలుతురు, గట్టినేల. క్రిందికి దిగినచో నీడ, తడి, నిదానము.

ఆ భూమి అంతయు ఒకరిది కాదు. ఐనను దానిలో పరుగెత్తుటకు నేనెవ్వరి యనుమతియు కోరనక్కరలేదు. పరుల అడవిలోనైనను, ఇండ్ల ముంగిళ్లకును పంటచేలకును హాని కలుగనీయక, ప్రతి మనుష్యుడును సంచరింపవచ్చుననియు, బ్లూబెర్రీలను, పుట్టగొడుగులను ఏరుకొనవచ్చుననియు, ఒక రాత్రి గుడారము వేసికొనవచ్చుననియు ఆ దేశమున అనాదిగా ఆచారము కలదు. 1994లో ఆ హక్కును రాజ్యాంగమునందే పేర్కొనిరి. కంచెలు లేనిచోటనే ఎటు పోవలెనను ప్రశ్నకు పూర్ణమైన అర్థముండును. నేనక్కడ పుట్టినవాడను కాకపోయినను ఆ యడవి నన్నొక్కనాడును నీవెవరని ప్రశ్నింపలేదు. ఆ యాదరమునకు నేను కృతజ్ఞుడను.

ఆదివారపు పందెమునకై సాధన సోమవారమునుండియే మొదలగును. ఆనాడు కాళ్లకు సెలవు, కన్నులకు పని. రాత్రి భోజనానంతరము పాత పటమొకటి తీసికొని, అందలి గోధుమవన్నె సమోన్నతరేఖలను చూచి, కన్నులు మూసికొని, ఆ కొండను మనస్సున నిలుపుటకు యత్నింతును. రేఖకును రేఖకును నడుమ ఐదు మీటర్ల యెత్తు. రేఖలు దగ్గరపడినచోట నిటారైన వాలు, ఎడమైనచోట చదును, లోనికి వంగినచోట లోయ, వెలికి పొడుచుకొని వచ్చినచోట గట్టుముక్కు. మొదటి దినములలో అవి గీతలుగానే కనబడును. అభ్యాసము ముదిరిన పిదప ఆ గీతలే లేచి నిలిచి, నేనెన్నడును చూడని గుట్ట యొకటి నా యెదుట రూపము దాల్చును. సంగీతజ్ఞుడు స్వరలిపి చూచి రాగమును వినుటయందలి యానందము ఇట్టిదే కావలెను.

మంగళవారపు సాయంకాలము మెట్టకెదురుగా పరుగు. నిటారైన వాలును వేగముగా నెక్కుట, మెల్లగా దిగుట, మరల నెక్కుట. గుండె తన గరిష్ఠవేగమునకు చేరువైనపుడు, వాలు పైభాగమున మా ఓరియెంటీరింగ్ క్లబ్బు పెద్దయొకడు నిలిచి పటపు ముక్కను క్షణకాలము చూపును. దిగువకు వచ్చిన పిమ్మట అందేమి యుండెనో చెప్పవలెను: బురదనేల గుట్టకు ఏ దిక్కున నున్నది, బండచరియ ఎటు మొగమై యున్నది, రెండు బాటలు ఎక్కడ కలిసినవి. మొదట ఎక్కినపుడు అందరును సరిగా చెప్పుదురు. అలసట పెరిగినకొలది కాళ్లకంటె ముందు జ్ఞాపకము తడబడును. కాళ్లింకను ఎక్కుచునే యుండును, కన్నులు చూచుచునే యుండును, చూచినది మాత్రము మనస్సున నిలువదు. దేహసాధనకు నిజమైన ప్రయోజనమును నేను తెలిసికొన్నది ఆ వాలుమీదనే. బలహీనుడు మందముగా పరుగెత్తుననుటకంటె, బలహీనుడు ముందుగా ఆలోచన మానుననుట సత్యమునకు దగ్గర.

బుధవారము దీర్ఘమైన మెల్లని పరుగు. ప్రక్కవానితో మాటాడగలిగినంత నిదానముగా, పైన్ సూదులు పరచుకొన్న మెత్తని నేలమీద, గంటకు పైగా సాగును. కొత్తగా పరుగు మొదలిడినవారికి ఈ నిదానము వ్యర్థకాలక్షేపముగా తోచును. కాని కండరములలోని సన్నని రక్తనాళములు వృద్ధియగుటయు, కణములలో శక్తిని పుట్టించు సూక్ష్మాంగములు పెరుగుటయు విశేషముగా ఇట్టి మెల్లని పరుగుచేతనే. నడుమనడుమ మనసైనచోట వేగము పెంచుట, చాలుననిపించినచోట తగ్గించుట కూడ కలదు. 1930వ దశాబ్దియందు స్వీడన్ దేశపు శిక్షకుడు యోస్తా హోల్మెర్ ఈ పద్ధతికి రూపమిచ్చి, ఫార్ట్‌లెక్ అను పేర లోకమునకు పరిచయము చేసెను. ఆ దేశపు అడవులలో సాధన చేసిన గుండెర్ హేగ్, 1942 వేసవిలోనే పది ప్రపంచ రికార్డులను నెలకొల్పెను. 1945లో మైలు దూరమును 4 నిమిషముల 1.4 సెకన్లలో అతడు పరుగెత్తిన రికార్డు, 1954లో రోజర్ బానిస్టర్ నాలుగు నిమిషముల యెల్లను దాటువరకు నిలిచెను. అట్టి మహావేగమునకు పునాది గడియారమును చూడని అడవిపరుగులలో పడెననునది నాకెంతయు ప్రీతికరమైన విషయము.

గురువారము చీకటిలో పరుగు. శరత్తున ఆ దేశమున పొద్దు తొందరగా క్రుంకును. ఏడు గంటలకే అడవి నల్లబడును. నొసట దీపము కట్టుకొని లోనికి పోయినవానికి లోకమంతయు ఆ దీపపు వెలుగు పడునంత మేరకు కుంచించుకొని పోవును. పగటివేళ దూరపు గుట్టను చూచి దిక్కు తెలిసికొనువాడు, రాత్రి తన పాదముల క్రింది వాలును మాత్రమే నమ్మవలెను. ఫిన్లాండ్ దేశమున 1949నుండి జరుగుచున్న యూకొలా అను ప్రసిద్ధమైన పందెమున ఏడుగురు జట్టుగా ఒకరి తరువాత నొకరు రాత్రియంతయు పరుగెత్తుదురు. అలెక్సిస్ కివి వ్రాసిన ఏడుగురన్నదమ్ముల నవలలోని ఇంటిపేరే ఆ పందెమునకు పేరైనది. చీకటిలో పరుగెత్తుట ధైర్యమును పరీక్షించుననుకొందురు. ధైర్యముకంటె అది ఓపికను పరీక్షించును. కానరాని దానిని ఊహించి పరుగిడుటకు మారుగా, కానవచ్చినంత మేరనే నమ్మి, తరువాతి వెలుగు వరకు వేచియుండుమని బోధించును.

చీకటిలో దూరమును కొలుచుటకు అడుగులను లెక్కించుట యొక్కటే సాధనము. చదునుబాటమీద నూరు మీటర్లకు పట్టు అడుగులు వేరు, బురదనేలలో పట్టు అడుగులు వేరు, రాళ్లగుట్ట నెక్కునపుడు పట్టు అడుగులు వేరు; ఈ మూడును ఎవరికి వారు తమ దేహముమీదనే కొలిచి తెలిసికొనవలెను. అట్లు లెక్కించుచు పోవునపుడెల్ల నాకు మన దేశపు మహాయాత్రికుడు నైన్ సింగ్ రావత్ స్ఫురణకు వచ్చును. కుమావూన్ కొండలలో పుట్టిన ఆ యుపాధ్యాయుడు, సర్వేశాఖవారి శిక్షణలో తన అడుగును ఒకే కొలతకు కుదుర్చుకొని, 108 పూసలకు మారుగా 100 పూసలు గల జపమాలను చేబూని, నూరడుగుల కొక పూసను జరుపుచు, యాత్రికవేషమున హిమాలయములను దాటి 1866 జనవరిలో లాసా చేరెను. అతని అడుగులే ఆ భూమికి కొలమానములు. 1877లో లండన్‌లోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ అతనికి స్వర్ణపతక మిచ్చి గౌరవించెను. ఎక్కుచోట, దిగుచోట, మంచులో, గాలిలో అడుగు పొడవు చెదరనీయకుండుటకు ఎట్టి దేహము కావలెను! ఎట్టి మనస్సు కావలెను! సాధనయను మాటకు అతని జీవితముకంటె గొప్ప వ్యాఖ్యానమును నేనెరుగను.

శుక్రవారము విశ్రాంతి, శనివారము కొలదిపాటి పరుగు, బూట్ల అడుగున మేకులను సరిచూచుకొనుట, తొందరగా నిదురించుట. ఈ రెండు దినములును పైకి ఏమియు జరుగనట్లే యుండును. ఐనను అలసిన కండరము బలపడుట పరుగెత్తునపుడు కాదు, పరుగు మానినపుడు. శ్రమమును గౌరవించువారు లోకమున పెక్కుమంది. విశ్రాంతిని శ్రమమంత గౌరవముతో చూచువారు తక్కువ.

ఆదివారపు ప్రాతఃకాలమున అడవియంచున జనము గుమికూడిరి. పదేండ్ల పిల్లలనుండి ఎనుబది దాటిన వృద్ధులవరకు అందులోనున్నారు. వయస్సును బట్టి, నేర్పును బట్టి వేరువేరు దూరములు. ఒక్కొక్కరిని రెండేసి నిమిషముల వ్యవధితో పంపుదురు. ఆ క్షణము వచ్చువరకు పటమును చూపరు. గంట మ్రోగినంతనే నా చేతికి పటము వచ్చినది. 1:10,000 స్కేలు, సెంటీమీటరునకు నూరు మీటర్లు. ఊదావన్నె త్రికోణము బయలుదేరు చోటు, వృత్తములు గురుతుల చోట్లు, జంటవృత్తము ముగింపు. తెల్లని చోటు సులభముగా పరుగెత్తదగిన అడవి, అడవి చిక్కనైనకొలది ఆకుపచ్చ ముదురును, పసుపు బయలు, నీలము నీరు, నలుపు రాయి, బాట, మనుష్యుని కట్టడము. నిలువునా గీచిన గీతలు అయస్కాంతపు ఉత్తరదిశను చూపునవి. కావున దిక్సూచి ముల్లునకు వానిని సరిపెట్టుటయే చాలును, వేరు లెక్క యక్కరలేదు.

ఆ పటమును గీచిన వానిని నేనెరుగను. కాని అతడు నాకంటె ముందు ఆ యడవిలో అడుగడుగునను తిరిగెను. ఆకాశమునుండి లేజరు కిరణములతో కొలిచిన యెత్తులు నేడతనికి తోడుపడును. ఐనను ఏ బండ చెప్పదగినంత పెద్దది, ఏ పొద విడువదగినంత చిన్నది, ఏ వాలు పరుగెత్తువాని కంటికి ఆనును అను నిర్ణయములను నడచి చూచిన మనుష్యుడే చేయవలెను. ఉన్నదంతయు గీచినచో పటము చదువరాకుండును. కావలసినది విడిచినచో దారితప్పించును. పరుగెత్తువాడు అతని వివేకమును నమ్మి అడవిలో అడుగిడుచున్నాడు. ముఖపరిచయము లేని ఇద్దరి మధ్య ఇంతటి విశ్వాసము నెలకొల్పు పత్రములు లోకమున అరుదు.

మొదటి గురుతు సమీపముననే, ఒక బండచరియ మొదట నుండెను. నారింజ, తెలుపు రంగులుగల ముప్పది సెంటీమీటర్ల చదరపు గుడ్డ. దానితోపాటు ఒక సంఖ్య. ఈ సంఖ్యలు ఎల్లదేశములయందును 31తో మొదలగును. వరుససంఖ్యలతో కలగాపులగము కాకుండుటకు ఈ యేర్పాటు. వ్రేలికి తొడుగుకొన్న చిన్న ఎలక్ట్రానిక్ పుల్లను అక్కడి పెట్టెకు తాకించినంతనే చిరునాదము వినబడును. పూర్వము సూదులు గల చేతిపట్టకారుతో కాగితమునకు రంధ్రములు పొడిచెడివారు. రెండవ గురుతునకు దూరమెక్కువ. సూటిగా పోయినచో తొమ్మిదివందల మీటర్లు, నడుమ మూడు గుట్టలు, ఒక బురదనేల. సరస్సుగట్టు వెంట బాటను పట్టినచో అంతకు సగము దూరము అధికము, ఎక్కుట దిగుట స్వల్పము. ఏది మేలు? దూరమును చూచువాడు సూటిదారినే మెచ్చును. ఎత్తును చూచువాడు బాటను మెచ్చును. గురుతును చేరుచోట నేల యెట్లున్నదని చూచువాడు తుదినుండి మొదటికి ఆలోచించును. ఆ గురుతు బాటమలుపునకు కొలదిదూరముననే, రెండు గుట్టల నడుమ పల్లమున నున్నది. కావున నేను బాటనే పట్టితిని. ఆ మలుపువరకు వేగముగాను, అటుపిమ్మట నిదానముగాను పోయితిని.

ఈ నిదానము ఈ క్రీడకు ప్రాణము. సరస్సుగట్టు, కంచె, విద్యుత్తీగల వరుస వంటి తప్పిపోనేరని ఆధారములు ప్రక్కనున్నంతసేపు మనస్సునకు విశ్రాంతినిచ్చి కాళ్లకు స్వేచ్ఛనీయవచ్చును. ఆ యాధారమును విడిచి గురుతువైపు తిరిగినంతనే వేగము తగ్గించి, ఓనమాలు దిద్దుకొను పిల్లవాడు అక్షరముమీద వ్రేలుంచి చదివినట్లు, పటముమీద బొటనవ్రేలుంచి, నేల కదలినకొలది దానిని కదపవలెను. అనుభవజ్ఞులు ఒక్క పందెములోనే పలుమారులు వేగమును మార్చుదురు. ఎల్లప్పుడు ఒకే వేగమున పోవువాడు, చదువదగినచోట చదువక, పరుగెత్తదగినచోట పరుగెత్తక, రెంటికిని చెడును.

దారితప్పుటయు విచారింపదగిన విషయము. అడవిలో దారితప్పుట ఒక్కసారిగా జరుగదు. తానూహించిన గుట్ట కనబడనపుడు మనస్సు తన యూహను విడువక, కనబడిన మరియొక గుట్టనే అదియని నమ్మజూచును. పటమున బురదనేల ఎడమ ప్రక్కనుండవలెను, కన్నులయెదుట అది కుడిప్రక్కనున్నది. ఐనను పటము గీచినవాడు పొరబడెననియో, వానలకు నీరు ప్రక్కకు చేరెననియో కారణములు కల్పించుకొనుటకు మనస్సునకు క్షణము చాలును. అట్లు నేలను తన పటమునకు తగినట్లు వంచుకొన్న మనుష్యుడు, కాళ్లలో బలమున్నంతసేపు, తప్పుదారిలో ఉత్సాహముగా సాగును. దీనికి విరుగుడు ఒక్కటే: నిలిచిపోవుట. నిలిచి, తనకు నిశ్చయముగా తెలిసిన కడపటి చోటును జ్ఞప్తికి దెచ్చుకొని, అచ్చటికి మరలి పోవుట. నష్టపోయిన నిమిషములను తలచుకొని వెనుకకు మరలుటకు వెనుదీయువాడే ఎక్కువ కాలమును పోగొట్టుకొనును. జీవితమున మతములయందును, రాజకీయములయందును, పాండిత్యమునందును ఇట్లు నేలను వంచుకొనువారిని మనమెందరిని చూచుట లేదు! వారు బుద్ధిహీనులు కారు. నిలుచుటకు వారికి ధైర్యము చాలదు.

కడపటి గురుతులకు వచ్చునప్పటికి వారమంతటి సాధన విలువ తెలిసినది. చివరి గుట్ట నిటారైనది, ఊపిరి బరువైనది, ఐనను పటములోని రేఖలు నాకింకను రూపములుగానే కనబడుచుండెను. గుట్ట వెనుకనున్న పల్లమును ఎక్కకముందే చూడగలిగితిని. నా కాళ్లు నన్నెంత వేగముగా మోసినవన్న లెక్క గడియారమునకు వదలితిని. అవి నా మనస్సును స్వేచ్ఛగా నుండనిచ్చినవన్నదే నా సంతోషము.

పందెము ముగిసిన పిమ్మట జరుగు సంభాషణము ఈ క్రీడకు మరియొక శోభ. గెలిచినవాడును, కడపట వచ్చినవాడును, పన్నెండేండ్ల బాలికయు, డెబ్బదేండ్ల వృద్ధుడును పటములను గడ్డిమీద పరచి, నీవెటు పోతివి, నేనిటు వచ్చితిని అని ముచ్చటింతురు. ఒకే రెండు బిందువుల నడుమ అందరి దారులును వేరు, అందరును చేరిరి. ఇతరుని దారిని ఆలకించుటలో అసూయకు తావుండదు, ఏలయన ఆ దారి అతని కన్నులకు, అతని కాళ్లకు తగినది.

ఈ క్రీడయొక్క ధర్మమును లోకమునకు చాటిన సంఘటన యొకటి 2009లో హంగరీ దేశపు మిష్కోల్ట్స్ నగర పరిసరమున జరిగిన ప్రపంచ పోటీలలో కలదు. పురుషుల రిలే చివరిపరుగులో, పతకముల కొరకు ముందు వరుసనున్న స్వీడన్ క్రీడాకారుడు మార్టిన్ యోహాన్సన్ తొడలో కర్రముక్క లోతుగా గ్రుచ్చుకొనగా, అతనితో పోటీపడుచున్న ఫ్రాన్స్ దేశపు తియెరీ గెయోర్గియూ, నార్వే దేశపు ఆండర్స్ నూర్డ్‌బెర్గ్, చెక్ దేశపు మిఖల్ స్మోలా తమ పతకములను విడిచి అతనికి తోడునిలిచిరి. ఆనాడు గెలిచిన దేశము స్విట్జర్లాండ్. గెలువక నిలిచినవారి పేర్లు నేటికిని అడవులలో చెప్పుకొందురు. ప్రతిక్షణము చుట్టును చూచుటకు అలవడిన కన్ను పడినవానిని చూడకుండ పోలేదు. చూపును ముందరి వీపుమీదనే నిలిపి పరుగెత్తువానికి ఆ యలవాటెట్లబ్బును?

తానున్న చోటు నెరుగుట మనుష్యుని మెదడునకు సహజమైన పని యని శాస్త్రజ్ఞులును నిరూపించిరి. జాన్ ఓ'కీఫ్ 1971లో, ఎలుక ఒక నిర్దిష్టస్థలమున నున్నపుడు మాత్రమే స్పందించు కణములు హిప్పోక్యాంపస్ అను మెదడు భాగమున కలవని కనుగొనెను. 2005లో నార్వేలోని ట్రాండ్‌హైమ్ నగరమున మే-బ్రిట్ మోసర్, ఎడ్వర్డ్ మోసర్ దంపతులు, స్థలమునంతటిని గళ్లుగా పరచుకొని కొలుచు కణములను వెలికిదీసిరి. 2014లో ఆ మువ్వురకును నోబెల్ బహుమానము లభించినది. లండన్ వీథులన్నిటిని కంఠస్థము చేసిన టాక్సీ డ్రైవర్ల మెదళ్లలో ఆ భాగపు వెనుకవైపు ఇతరులకంటె పెద్దదై యున్నదని 2000లో ఎలినార్ మగ్వైర్ బృందము ప్రకటించెను. అనగా మనలో ప్రతివానియందును పటము గీయు శక్తి పుట్టుకతోనే యున్నది. దానిని వాడినచో పెరుగునని తలంచుటకు ఆధారమున్నది. నేడు మన చేతిలోని ఫోను ప్రతి మలుపునందును ఎడమకు, కుడికి అని చెప్పుచుండుటచే ఆ శక్తికి పనిలేకపోవుచున్నది. ఫోను చేయు మేలును నేను కాదనను. కాని వాడని విద్య తరువాతి తరమునకు చేరదు.

స్వీడన్ దేశమున పటముతో దారి కనుగొనుట బడిపిల్లల వ్యాయామపాఠములలో భాగము. మన పిల్లలకిట్టి పాఠమెందుకు లేదు? అడవులు లేవనుట సరికాదు, రాళ్లు లేవనుట అంతకన్న సరికాదు. మా భువనగిరి చుట్టు గుట్టలు, హైదరాబాదు పరిసరముల గండశిలలు సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటివి. నాకా బండలకంటె పెద్దవయస్సు గలవి. ఆ భువనగిరి రాతిమీదనే శిలారోహణము నేర్చిన మాలావత్ పూర్ణ 2014లో, పదునాలుగేండ్లు నిండకముందే, ఎవరెస్టు శిఖరమునెక్కెను. ఆనంద్ కుమార్ ఆమెతోపాటు ఎక్కెను. సాంఘిక సంక్షేమ పాఠశాలల పిల్లలు వారు. మా రాయి ఎక్కుట నేర్పినది. దారి వెదకుట నేర్పజాలదా? పటములు గీచి ప్రకటించుటకు ముందస్తు అనుమతులు కోరు నిబంధనలును 2021 ఫిబ్రవరిలో భారతదేశీయులకు సడలినవి. ఇక కావలసినది నడిచి చూచి గీయువారు, రాళ్లను పగులగొట్టి భవనములు కట్టు తొందరను కొంతకాలమైనను ఆపువారు.

మన యిండ్లలో పిల్లలకు దారిని ముందే గీచి యిచ్చుట ప్రేమయని తలంతుము. ఏ బడి, ఏ పరీక్ష, ఏ కొలువు అనునవి వారు కన్నులు తెరువకముందే నిర్ణయమై యుండును. వారు ఆ బాటమీద ఇతరులకంటె వేగముగా పరుగెత్తుటయే మనము కోరునది. ఆ ప్రేమను నేను తక్కువ చేయను, ఆ ప్రేమచేతనే నేనును ఇంతవాడనైతిని. ఐనను వారమునకొక పూటయైనను వారిని గుట్టలమీదికి పంపి, చేతికొక పటమిచ్చి, గమ్యమును మాత్రము చూపి, దారిని వారికే విడువవలెనని నా కోరిక. రాబోవు వేసవిసెలవులలో ఊరికి వచ్చినపుడు, మా యన్నగారి పిల్లలను తోడు తీసికొని, భువనగిరి గుట్టకు ఉత్తరపు వాలును అడుగులతో కొలిచి, 1:10,000 స్కేలున గీయుటకు సంకల్పించితిని. మొదటి పటము చిన్నదే కావచ్చును, లోపములు కలదియే కావచ్చును. దానిని సవరింపవలసినవారు దానిమీద పరుగెత్తు పిల్లలే.